అమెరికాలో ఆరోగ్య బీమా గొడవ ఎందుకు తెగడం లేదు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. అంత డబ్బున్న దేశంలో వైద్యం గురించి పార్టీలు ఇన్నేళ్లుగా ఎందుకు కొట్టుకుంటున్నాయి, 2025లో ఏకంగా ప్రభుత్వమే మూతపడేదాకా ఎందుకొచ్చింది? మన ఆరోగ్యశ్రీ లాంటిది ఒకటి పెట్టేస్తే సరిపోదా? డల్లాస్‌లో హెచ్1బీ మీద ఉన్న మీ తమ్ముడికి, సిటిజన్ అయిన మీ అక్క దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వెళ్లబోతున్న మీ అమ్మానాన్నలకు ఈ గొడవ వల్ల ఏం తేడా పడుతుంది?

నేను న్యూజెర్సీలో ఆస్పత్రి బిల్లింగ్, ఇన్సూరెన్స్ క్లెయిముల పనిలోనే చాలాకాలంగా ఉన్నాను. డెమొక్రాట్లు, రిపబ్లికన్లు, ఈ రెండు పార్టీల వాదనలూ టీవీలో వినడం కంటే, వాళ్లు చేసిన చట్టాలు బిల్లుల మీద ఎలా కనిపిస్తాయో చూడటమే నాకు ఎక్కువ అలవాటు. అందుకే ముందే నా మాట చెప్పేస్తాను. చాలామంది అనుకున్నట్టు ఇది ప్రభుత్వ వైద్యమా, ప్రైవేటు వైద్యమా అన్న గొడవ కాదు. ఆ దేశంలో ఇన్సూరెన్సును ఉద్యోగానికి కట్టేశారు. ఆ ముడి విప్పాలంటే, ఇప్పుడు ఇన్సూరెన్స్ కార్డు చేతిలో ఉన్న కోట్లాదిమంది తమది పోతుందేమోనని భయపడతారు. ఆ భయాన్ని కదిలించడానికి ఏ పార్టీకీ ధైర్యం చాలడం లేదు. మిగతా గొడవంతా దాని చుట్టూ తిరిగేదే.

ఈ ముడి ఎవరూ ఆలోచించి వేసింది కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో ధరలు అదుపు తప్పకుండా ఉండాలని ప్రభుత్వం జీతాల పెంపు మీద కట్టడి పెట్టింది. మగవాళ్లు యుద్ధానికి వెళ్లిపోయారు, ఫ్యాక్టరీలకు మనుషులు దొరకడం లేదు, జీతం పెంచి పిలుద్దామంటే వీల్లేదు. బీమా లాంటి సదుపాయాలు జీతం లెక్కలోకి రావని అధికారులు తేల్చడంతో, కంపెనీలు ఆరోగ్య బీమా ఆశ చూపించి మనుషుల్ని తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. యుద్ధం అయిపోయింది కాని ఈ అలవాటు పోలేదు. 1954 పన్ను చట్టం దాన్ని పక్కా చేసింది. కంపెనీ మీ తరఫున కట్టే ప్రీమియం మీద మీరు పన్ను కట్టక్కర్లేదు. అదే డబ్బు జీతంగా ఇస్తే పన్ను పడుతుంది. ఇంక ఏ కంపెనీ అయినా, ఏ ఉద్యోగి అయినా దేన్ని ఎంచుకుంటారు? ఈరోజు 15 కోట్లకు పైగా జనానికి కంపెనీల ద్వారానే ఇన్సూరెన్స్ వస్తోంది.

ఈ పద్ధతిలో ఉద్యోగం లేనివాళ్లు బయట ఉండిపోయారు. 1945లో అధ్యక్షుడు ట్రూమన్ అందరికీ జాతీయ బీమా ఉండాలని ప్రతిపాదిస్తే, డాక్టర్ల సంఘం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని సోషలిజం అని ప్రచారం చేసి ఆపగలిగింది. ఇరవై ఏళ్ల తర్వాత 1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరిలో ట్రూమన్ ఊరికే వెళ్లి, ఆయన పక్కనే కూర్చుని మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. మెడికేర్ 65 దాటినవాళ్లకు, మెడికెయిడ్ పేదలకు. ఆ బిల్లుకు రిపబ్లికన్లు కూడా పదుల సంఖ్యలో ఓటేశారు. గమనించండి, ఉద్యోగం చేసేవాళ్ల ఇన్సూరెన్సును మాత్రం అది ముట్టుకోలేదు. నెగ్గడానికి అదీ ఒక కారణమే.

ముట్టుకోబోయినవాళ్లు ఏమయ్యారో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. 1993లో క్లింటన్ తన భార్య హిల్లరీ ఆధ్వర్యంలో పెద్ద పథకం తయారు చేయించాడు. ఇన్సూరెన్స్ కంపెనీల సంఘం టీవీలో ప్రకటనలు వేసింది. మధ్యతరగతి భార్యాభర్తలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మనకున్న మంచి ప్లాను పోతుందేమో అని బెంగపడతారు, అంతే. ఏడాది తిరిగేసరికి పథకం ఓటింగ్‌దాకా కూడా రాకుండా పోయింది. 2008 ఎన్నికల్లో ఇదే మాట రిపబ్లికన్ వైపు నుంచి వచ్చింది. కంపెనీ ఇన్సూరెన్స్ మీదున్న పన్ను మినహాయింపు తీసేసి, దాని బదులు ప్రతి కుటుంబానికీ 5,000 డాలర్ల పన్ను రాయితీ ఇస్తానన్నాడు ఆ పార్టీ అభ్యర్థి జాన్ మెకెయిన్. ఎవరి ప్లాను వాళ్లు కొనుక్కుంటారు, ఉద్యోగం పోయినా ప్లాను పోదు. మొత్తం పథకంలో లోపాలున్నాయి గాని, ముడి ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నది ఆయనే. మీ ఇన్సూరెన్స్ మీద పన్ను వేస్తాడట అని ఒబామా ప్రచారమంతా ఆయన్ని ఎండగట్టింది. ఆ తర్వాత ఒబామా తన చట్టంలోనే, బాగా ఖరీదైన కంపెనీ ప్లాన్ల మీద 40 శాతం పన్ను పెట్టాడు. దాన్ని యూనియన్లు వ్యతిరేకించాయి, కంపెనీలు వ్యతిరేకించాయి, రెండు పార్టీల సభ్యులూ వ్యతిరేకించారు. రెండుసార్లు వాయిదా వేసి, ఒక్కరోజు కూడా అమలు చేయకుండా 2019 డిసెంబర్‌లో రద్దు చేశారు. ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలు కలిసి ఓటేసింది దీని కోసం!

ఇప్పుడు ఒబామాకేర్ సంగతి. 2010 మార్చి 23న సంతకమైన ఈ చట్టం, కంపెనీ ఇన్సూరెన్సును చాలావరకు ఉన్నదున్నట్టు వదిలేసి, బయట ఉండిపోయినవాళ్లకు దారి చూపించే ప్రయత్నం. అంతకుముందు సొంతంగా ప్లాను కొనుక్కోబోతే షుగర్ ఉందనో, పాత క్యాన్సర్ ఉందనో చాలా రాష్ట్రాల్లో కంపెనీలు ఇవ్వనని తోసిపుచ్చేవి, లేదా ఆ జబ్బు తప్ప మిగతావాటికి ఇస్తామనేవి. ఆ రోజుల్లో వచ్చిన తిరస్కరణ ఉత్తరాలు నేను చాలా చూశాను. చిన్నపిల్లల పేరు మీద వచ్చినవి కూడా ఉండేవి. ఒక్క ఈ పద్ధతిని ఆపినందుకైనా ఈ చట్టం నిలబడాలని నేను మనసారా కోరుకుంటాను.

అయితే జబ్బున్నవాళ్లకు ఇవ్వక తప్పదని చెబితే, జబ్బు వచ్చాకే కొందామని అందరూ ఆగుతారు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్టు. అప్పుడు బీమాలో జబ్బున్నవాళ్లే మిగిలి ప్రీమియంలు ఆకాశానికి పోతాయి. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ కొనాలి, కొనకపోతే జరిమానా అన్నారు. కొనలేనివాళ్లకు సబ్సిడీ అన్నారు. మరీ పేదలకు మెడికెయిడ్‌ను విస్తరించారు. ఈ నమూనాను అంతకుముందే 2006లో మసాచుసెట్స్‌లో అమలు చేసింది రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ. అందరూ కొనాల్సిందేనన్న ఆలోచనను 1989లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే రిపబ్లికన్ల వైపు మేధావుల సంస్థ ముందుకు తెచ్చింది. అయినా 2010లో చివరి ఓటింగ్‌లో ఒక్క రిపబ్లికన్ కూడా ఓటేయలేదు. ప్రతినిధుల సభలో 219-212తో గట్టెక్కింది. ప్రైవేటు కంపెనీలకు పోటీగా ప్రభుత్వమే ఒక ప్లాను అమ్మాలన్న ప్రతిపాదన, సెనేట్‌లో ఇండిపెండెంట్ సభ్యుడు జో లీబర్‌మన్ ఓటు కోసం అంతకుముందే పోయింది.

రిపబ్లికన్ల కోపంలో న్యాయమే లేదని అనుకోకండి. మీ ప్లాను మీకు నచ్చితే ఉంచుకోవచ్చు అని ఒబామా పదే పదే చెప్పాడు. 2013 చివర్లో లక్షలాదిమందికి ప్లాను రద్దయిందని ఉత్తరాలు వచ్చాయి. ముసలివాళ్ల ప్రీమియం కుర్రవాళ్ల ప్రీమియానికి మూడు రెట్లు మించకూడదనడంతో పాతికేళ్లవాళ్ల మీద భారం పెరిగింది. ఈ చట్టం కింద ప్లాన్లు అమ్మడానికి పెట్టిన కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ వాడే రాష్ట్రాల్లో సొంతంగా కొనుక్కునేవాళ్ల సగటు ప్రీమియం 2013 నుంచి 2017కు రెట్టింపు దాటింది. సబ్సిడీ వచ్చేవాళ్లకు ఇది తగల్లేదు. సబ్సిడీ రాని చిన్న వ్యాపారికి, రైతుకు గట్టిగా తగిలింది. చిన్న మోటెల్ నడుపుకునే మనవాళ్ల కుటుంబాల్లో ఒబామాకేర్ మాటెత్తితే మండిపడేవాళ్లు ఉన్నారంటే ఇదే కారణం. వాళ్ల లెక్క తప్పేం కాదు.

2012లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని 5-4తో బతికించింది కాని, మెడికెయిడ్ విస్తరణ రాష్ట్రాల ఇష్టమంది. దీని దెబ్బ బయటివాళ్లకు సరిగ్గా తెలియదు. చట్టం రాసినవాళ్లు పేదలందరికీ మెడికెయిడ్ వస్తుందన్న లెక్కతో, సబ్సిడీని పేదరిక రేఖ పైనుంచే మొదలుపెట్టారు. మీ తమ్ముడున్న టెక్సస్ విస్తరణకు ఒప్పుకోలేదు. కాబట్టి అక్కడ పిల్లలు లేని ఒక పేద కూలీ, సబ్సిడీ తీసుకోవడానికి మరీ పేదవాడు, మెడికెయిడ్‌కు అర్హుడు కాదు. అతనికి ఏదీ లేదు. దేశంలో బీమా లేనివాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువ టెక్సస్‌లో ఉండటానికి ఇదీ ఒక కారణం. ఇప్పటికీ పది రాష్ట్రాలు ఇలాగే ఉన్నాయి. కాని ఆయా రాష్ట్రాల నాయకులు కాదన్నచోట జనం చేతికే ఓటు వస్తే ఏమైందో చూడండి. ఐడహో, యూటా, నెబ్రాస్కా, ఓక్లహోమా, మిస్సోరి, సౌత్ డకోటా, అన్నీ రిపబ్లికన్ల కంచుకోటలే. ఈ అన్నిచోట్లా ప్రజాభిప్రాయ ఓటింగ్‌లో విస్తరణ నెగ్గింది. పార్టీ అభిమానం వేరు, ఇంట్లో మందుల ఖర్చు వేరు.

2017లో ట్రంప్ వచ్చాక రద్దు ఖాయమనుకున్నారు. జులై 28న అర్ధరాత్రి దాటాక సెనేట్‌లో 49-51తో అది ఓడిపోయింది. అప్పటికే మెదడు క్యాన్సర్ బయటపడిన మెకెయిన్, సభలోకి నడిచి వచ్చి బొటనవేలు కిందికి చూపించిన దృశ్యం మీరూ చూసే ఉంటారు. రిపబ్లికన్ సెనేటర్లు సుసాన్ కాలిన్స్, లీసా మర్కౌస్కీ కూడా ఆయనతోపాటే వ్యతిరేకంగా ఓటేశారు. అదే ఏడాది పన్నుల చట్టంలో జరిమానాను మాత్రం సున్నా చేసేశారు. అయినా మార్కెట్ కూలిపోలేదు. జనాన్ని లోపల ఉంచింది జరిమానా భయం కంటే సబ్సిడీయే అని అప్పుడు తేలింది.

ఆ సబ్సిడీ దగ్గరే 2025 గొడవ. కోవిడ్ సమయంలో, 2021లో బైడెన్ ప్రభుత్వం సబ్సిడీ పెంచింది, 2025 చివరిదాకా పొడిగించింది. ఒబామాకేర్ ప్లాన్లు సొంతంగా కొనుక్కునే ప్రభుత్వ వేదికను మార్కెట్‌ప్లేస్ అంటారు. అందులో ప్లాను తీసుకున్నవాళ్లు 2.4 కోట్లకు చేరారు. పొడిగించాలని డెమొక్రాట్లు, తాత్కాలికమని చెప్పి పెట్టినదాన్ని శాశ్వతం చేస్తారా అని రిపబ్లికన్లు. ఈ పట్టుదలలో ఖర్చుల బిల్లు పాస్ కాక ప్రభుత్వం అక్టోబర్ 1 నుంచి 43 రోజులు మూతపడింది, అప్పటిదాకా అమెరికా చరిత్రలో అంత పొడవైన షట్‌డౌన్ లేదు. తెరుచుకుంది గాని సబ్సిడీ పొడిగింపు రాలేదు, డిసెంబర్ 31తో గడువు తీరిపోయింది. సబ్సిడీ తీసుకునేవాళ్లు చేతి నుంచి కట్టే ప్రీమియం సగటున రెట్టింపుకు మించుతుందని ఆరోగ్య విధానాలు పరిశోధించే కేఎఫ్‌ఎఫ్ సంస్థ ముందే లెక్కగట్టింది. 2026లో ఒంటరి మనిషికి సంవత్సర ఆదాయం 62,600 డాలర్లు దాటితే కేంద్ర సబ్సిడీ ఒక్క డాలరు కూడా లేదు.

అంతకంటే పెద్ద మార్పు 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టంలో ఉంది. మెడికెయిడ్ విస్తరణ కింద ఉన్న, పనిచేసే వయసువాళ్లు నెలకు 80 గంటలు పనిచేస్తున్నట్టు చూపించాలి. 2027 జనవరికల్లా రాష్ట్రాలు దీన్ని అమలు చేయాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని 2018లో ఆర్కాన్సా రాష్ట్రం ఇదే చేసి చూపించింది. కొన్ని నెలల్లో 18 వేలమంది మెడికెయిడ్ పోగొట్టుకున్నారు. వాళ్లలో చాలామంది పనిచేస్తూనే ఉన్నారు. గంటల లెక్క ప్రతినెలా ఆన్‌లైన్‌లో నమోదు చేయలేకపోయారు, అంతే. కోర్టు మరుసటి ఏడాది ఆపింది. కాగితం పని పెట్టి మనిషిని బీమా నుంచి తోసేయడం ఎంత తేలికో నా వృత్తిలో రోజూ చూస్తాను కాబట్టి, ఈ నిబంధన నన్ను చాలా బాధపెడుతోంది. ఈ చట్టం వల్ల 2034 నాటికి మరో కోటిమందికి బీమా ఉండదని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా.

ఇంత గొడవలో ఎవరూ గట్టిగా మాట్లాడనిది ధర. ప్రీమియం ఎవరు కట్టాలన్నదాని మీదే కొట్టుకుంటారు, అది అంత ఎందుకైందో అడగరు. 2023లో అమెరికా వైద్యం మీద పెట్టిన ఖర్చు 4.9 లక్షల కోట్ల డాలర్లు, దేశ ఆదాయంలో 17.6 శాతం. మిగతా సంపన్న దేశాలవాళ్ల కంటే అమెరికన్లు డాక్టర్ దగ్గరికి ఎక్కువసార్లేం వెళ్లరు, ఆస్పత్రిలో ఎక్కువ రోజులేం ఉండరు. అదే పరీక్షకు, అదే ఆపరేషన్‌కు ధర ఎక్కువ. పైగా ఒకే ఆస్పత్రిలో ఒకే పనికి మనిషినిబట్టి ధర. మెడికేర్ ఇచ్చేది ప్రభుత్వం నిర్ణయించిన రేటు. కంపెనీ ఇన్సూరెన్స్ ఇచ్చేది బేరమాడిన రేటు. 2022లో ప్రైవేటు ప్లాన్లు ఆస్పత్రులకు సగటున మెడికేర్ రేటుకు రెండున్నర రెట్లు ఇచ్చాయని ర్యాండ్ సంస్థ అధ్యయనం చెబుతోంది. అందుకే సెనేటర్ బెర్నీ శాండర్స్ అందరికీ మెడికేర్ అన్నప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలే కాదు, ఆస్పత్రులూ గట్టిగా ఎదురు తిరిగాయి. వాళ్లకు వచ్చే రెండున్నర రూపాయలు ఒక్క రూపాయి అవుతుంది మరి.

ఆ రెండున్నర చివరికి ఎవరు కడుతున్నారు? 2025లో కంపెనీ ద్వారా తీసుకున్న కుటుంబ ప్లాను సగటు ప్రీమియం 26,993 డాలర్లు. ఉద్యోగి జీతంలోంచి కోసేది అందులో 6,850. మిగతా 20 వేలు కంపెనీ ఇస్తోందని అందరూ అనుకుంటారు. ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది చెప్పేది, అది ఉద్యోగికి జీతంగా రావలసిన డబ్బేనని. ప్రతి ఇంటినుంచీ ఏడాదికి అంత పోతున్నట్టు పేస్లిప్పులో పెద్ద అక్షరాలతో కనిపిస్తే, ఈ చర్చ ఇలా ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

ఆరోగ్యశ్రీ గురించి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మన పథకంలో ప్రభుత్వం ప్యాకేజీ రేటు నిర్ణయిస్తుంది, ప్రైవేటు ఆస్పత్రి వైద్యం చేస్తుంది, బిల్లు ప్రభుత్వం కడుతుంది. మెడికేర్ సూత్రం కూడా దాదాపు ఇదే, కాకపోతే వయసునుబట్టి. అంటే అమెరికాకు ఈ పద్ధతి కొత్త కాదు, మెడికేర్ కింద ఏడు కోట్లకు దగ్గరగా జనం ఉన్నారు. మాజీ సైనికులకైతే ప్రభుత్వమే సొంతంగా ఆస్పత్రులు నడుపుతుంది. మన దగ్గర ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు పేదవాడి చేతిలో పోగొట్టుకోవడానికి వేరే బీమా లేదు, అందుకే ఎవరూ అడ్డు చెప్పలేదు. అక్కడ దాదాపు సగం మంది చేతిలో ఏదో ఒక కంపెనీ కార్డు ఉంది. తేడా అదీ.

మీ తమ్ముడి విషయం. హెచ్1బీ మనిషికి వీసా ఉద్యోగం మీదే, ఇన్సూరెన్సూ ఉద్యోగం మీదే. ఈ ముడి వల్ల మనవాళ్లంత నష్టపోయేవాళ్లు తక్కువ, వాళ్లకు ఓటు కూడా లేదు. లేఆఫ్ అయితే దేశంలో ఉండటానికి 60 రోజుల గడువు. ఇన్సూరెన్స్ కొన్ని కంపెనీల్లో ఆఖరి రోజుతోనే, కొన్నింట్లో ఆ నెలాఖరుతో ఆగిపోతుంది. భార్యకు ఏడో నెల ఉండగా ఉద్యోగం పోయిన కుటుంబాలు మా దగ్గరికి వచ్చినప్పుడు, వాళ్ల టెన్షన్ చూడలేం. అలాంటప్పుడు కోబ్రా అనే చట్టం ఆదుకుంటుంది. ఇరవైమంది, ఆపైన ఉన్న కంపెనీ అయితే అదే ప్లానును 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, కాకపోతే మొత్తం ప్రీమియం మనమే కట్టాలి, పైన రెండు శాతం అదనం. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఎంచుకోవడానికి 60 రోజులు టైముంటుంది, ఎంచుకుంటే పాత తేదీ నుంచే వర్తిస్తుంది. వెంటనే కట్టకుండా ఆగి, ఈలోపు ఆస్పత్రి ఖర్చు వస్తే అప్పుడు తీసుకోవచ్చు. ఉద్యోగం పోయిన 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లోనూ కొనొచ్చు. కాని కొత్త చట్టం ప్రకారం 2027 నుంచి హెచ్1బీవాళ్లకు అక్కడ సబ్సిడీ ఉండదు, పూర్తి ధర కట్టాలి. ఇంకోటి, చిన్న కన్సల్టెన్సీలో చేరేటప్పుడు జీతం ఒక్కటే అడక్కుండా ప్లాను కాగితాలు అడగమనండి. యాభైమంది కంటే తక్కువ ఉన్న కంపెనీకి ఇన్సూరెన్స్ ఇవ్వాలన్న నిర్బంధం లేదు.

మీ అమ్మానాన్నలకు మెడికేర్ వెంటనే రాదు. 65 దాటి, గ్రీన్‌కార్డుతో అయిదేళ్లు వరుసగా అక్కడ ఉన్నాకే కొనుక్కోవచ్చు. ఈలోపు మార్కెట్‌ప్లేస్ ప్లానే దారి. వచ్చిన 60 రోజుల్లోపు తీసుకోవాలి, దాటితే మళ్లీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా, అంటే ఏటా ఒకసారి అందరికీ ప్లాన్లు అమ్మే రోజులదాకా ఆగాలి. ఇంతకుముందు మనవాళ్లు చాలామంది, తల్లిదండ్రులకు అక్కడ ఆదాయం లేదని చూపించి, సబ్సిడీతో చాలా తక్కువకు ప్లాను తీసుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్లకు మెడికెయిడ్ అయిదేళ్లు రాదు కాబట్టి చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది. 2026 జనవరి నుంచి అది పోయింది. పేదరిక రేఖ కంటే తక్కువ ఆదాయం చూపిస్తే ఇప్పుడు సబ్సిడీ లేదు. అక్క పన్నుల్లో వాళ్లను డిపెండెంట్లుగా చూపిస్తే మొత్తం ఇంటి ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఏది లాభమో అక్క ఆదాయాన్నిబట్టి మారుతుంది, కాబట్టి టికెట్లు కొనేముందే పన్నులు చూసేవాళ్లతో ఒకసారి లెక్క వేయించండి. కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో కొంత సాయం ఇస్తాయి, అక్క ఏ రాష్ట్రంలో ఉందో రాస్తే దాని సంగతి చెబుతాను.